గ్లాసు అవతల ఆట, గ్లాసు ఇవతల గోల

ప్రశ్న: మేం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉంటాం. మా అబ్బాయికి 13 ఏళ్లు. ఐస్ హాకీలో ఈ సీజన్‌తో 14యూ (14 ఏళ్లదాకా పిల్లలు ఆడే) జట్టులోకి వచ్చాడు. నా దగ్గర క్యానన్ 80డి కెమెరా, దాంతోపాటు కొన్న 18-135 లెన్సు ఉన్నాయి. జట్టు పిల్లలందరికీ ఫొటోలు తీసిపెడతానని నేనే ముందుకొచ్చాను. తీరా తీస్తే పిల్లలు అలుక్కుపోయినట్టు వస్తున్నారు. తెల్లటి మంచు బూడిదరంగులో పడుతోంది. వరసగా నొక్కిన మూడు ఫొటోల్లో ఒకటి పసుపుగా, ఒకటి నల్లగా ఉంటోంది. అది చాలదన్నట్టు పక్కనే, మంచు చుట్టూ ఉండే గ్లాసు గోడ మీద పిడిగుద్దులు గుద్దే ఒకాయన, చెవి దగ్గర గంట మోగించే ఇంకొకావిడ. పోయిన ఆటలో అవతలి జట్టు తల్లి ఒకరు వచ్చి ‘‘మా పిల్లల ఫొటోలు తీయమని మీకెవరు చెప్పారు?’’ అని నిలదీసింది. అదే రోజు స్టాండ్స్‌లోంచి ఎవరో మావాణ్ని ‘‘మీ దేశానికి పోయి క్రికెట్ ఆడుకో’’ అని అరిచారు. ఆ అరిచినవాణ్ని ఈసారి వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టమని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: వీడియో సంగతి చివర్లో చూద్దాం. ముందు మీరు నిలబడే చోటు మార్చండి. మీరు రాసిన గొడవల్లో సగం ఫొటోలవి, సగం మనుషులవి. రెండింటికీ మొదటి మందు అదే.

ఊళ్లలో ఉండే రింకుల్లో, అంటే మంచు మైదానాల్లో, తల్లిదండ్రులంతా ఒకవైపు స్టాండ్స్‌లో, మధ్య గీతకు అటూ ఇటూ గుమిగూడతారు. గంటలూ కేకలూ గ్లాసు గుద్దుళ్లూ ఎక్కువగా ఉండేది అక్కడే. మీరు నిలబడింది కూడా అక్కడే అయివుంటుంది, ఎందుకంటే కొత్తవాళ్లకు అదే మంచి చోటులా కనిపిస్తుంది. ఆట మొత్తం చూడ్డానికి నిజంగానే మంచిది. ఫొటోలకు మాత్రం పనికిరాదు. అక్కణ్నుంచి పిల్లల భుజాలూ వీపులూ తప్ప ముఖాలు దొరకవు. గోల్ పక్కనున్న మూలకు వెళ్లండి. రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. మూల నుంచి గోల్ 35 నుంచి 40 అడుగుల దూరంలో ఉంటుంది. మీవాళ్లు దాడి చేసే గోల్ దగ్గర నిలబడితే పిల్లలు మీ వైపే దూసుకొస్తారు. ఆటంతా కనిపించదు కాబట్టి అక్కడ జనం కూడా పలచగా ఉంటారు.

ఏ మూల అన్నది మీ అబ్బాయి స్టిక్ పట్టే తీరును బట్టి ఉంటుంది. ఎడమవైపు నుంచి కొట్టే పిల్లాడు షాట్ కొట్టేటప్పుడు ఛాతీ అతని ఎడమవైపుకు తెరుచుకుంటుంది. అంటే అతను గోల్ వైపు వస్తుంటే అతని ఎడమచేతి వైపు మూలలో మీరుండాలి. కుడివైపు నుంచి కొట్టేవాడైతే కుడిచేతి వైపు మూల. జట్టు పిల్లలందరి పేర్లెదురుగా ఎడమా కుడా అని ఒక చీటీ మీద రాసుకుంటే ఎవరి ఫొటో ఎక్కణ్నుంచి దొరుకుతుందో ముందే తెలుస్తుంది. ఆటలో మూడు పీరియడ్లుంటాయి, ప్రతి పీరియడ్‌కూ జట్లు గోల్స్ మార్చుకుంటాయి. మొదటి, మూడో పీరియడ్లలో దాడి చేసేవాళ్లను తీసి, రెండో పీరియడ్‌లో అక్కడే ఉండి మీ గోలీనీ (గోల్ కాసే పిల్లాణ్ని) డిఫెన్స్ పిల్లలనూ తీయండి. గోలీ తల్లిదండ్రులు మీకు రుణపడిపోతారు. ఆ పిల్లాణ్ని సాధారణంగా ఎవరూ తీయరు.

ఒక జాగ్రత్త. మంచును చదును చేసే జాంబోనీ బండి వచ్చే గేటుకూ పిల్లలు మంచు మీదికి వచ్చే తలుపుకూ అడ్డంగా నిలబడకండి. ముందు వరసలో కూర్చున్నవాళ్లకు అడ్డం రాకండి. మెట్లు ఎక్కడం, దిగడం విజిల్ వేసినప్పుడే. ఆట నడుస్తుండగా జనం ముందునుంచి కెమెరా మోసుకుంటూ తిరిగేవాణ్ని కూడా హాకీ జనం గ్లాసు గుద్దేవాడితో సమానంగానే లెక్కేస్తారు. మీ ఉత్తరంలో ఈ కోణం లేదు కాబట్టి చెబుతున్నాం.

ఇక గ్లాసు. చిన్న రింకుల్లో అది ఎక్కువగా అక్రిలిక్ పలక. గీతలు పడి, పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తగిలిన నల్లటి రబ్బరు మరకలతో ఉంటుంది. పిల్లలు వార్మప్ చేస్తుండగా మూలల్లో నడిచి తక్కువ మరకలున్న పలకను ఎంచుకోండి. మీవైపు మరకల్ని మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి తుడవండి. ఇంట్లో అద్దాలకు కొట్టే అమ్మోనియా స్ప్రే వాడితే అక్రిలిక్ మసకబారి సన్నటి పగుళ్లు పడుతుంది. లోపలివైపు మరకలకు మీరు చేయగలిగిందేమీ లేదు. కానీ లెన్సును గ్లాసుకు బాగా దగ్గరగా పెట్టి అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే అవి ఫొటోలో కరిగిపోతాయి. లెన్సు ఎప్పుడూ గ్లాసుకు సూటిగా ఉండాలి. పక్కకు తిప్పి ఏటవాలుగా తీస్తే గ్లాసు మందం గుండా చూసినట్టై అంచులు రెండేసిగా కనిపిస్తాయి. అలుక్కుపోయాయని మీరు అనుకున్న ఫొటోల్లో కొన్నింటి జబ్బు ఇదే కావచ్చు. దూరంగా పోయేవాడి వెంట కెమెరా తిప్పకండి. మీ ముందుకొచ్చేదాకా ఆగండి.

లెన్సుకు మెత్తటి రబ్బరు హుడ్ తొడగండి. అది గ్లాసును ఆనుకుంటే వెనకాల లైట్ల ప్రతిబింబాలు పోతాయి. అయితే ముఖాన్నీ కెమెరానూ గ్లాసుకు గట్టిగా అదిమిపెట్టొద్దు. దీనికి ఈ ఏడాదే ప్రత్యేకంగా ఒక కారణముంది. బాలుర ఆటలో బాడీ చెకింగ్‌ను యూఎస్ఏ హాకీ (అమెరికాలో ఈ ఆటను నడిపే సంస్థ) 14యూ నుంచే అనుమతిస్తుంది. 2011కు ముందు 12యూలోనే ఉండేది, తర్వాత పెంచారు. అంటే మీ అబ్బాయి జట్టులో ఒకరినొకరు ఒంటితో గుద్దుకోవడం ఇప్పుడే మొదలైంది. ఇద్దరు పిల్లలు కలిసి వచ్చి గ్లాసుకు కొట్టుకుంటే పలక మీవైపుకు వంగుతుంది. అప్పుడు కెమెరా వెనకభాగం మీ కంటికో పళ్లకో తగులుతుంది. కెమెరాకూ గ్లాసుకూ మధ్య హుడ్ మెత్తదనం ఉండాలి, మోచేతులు వదులుగా ఉండాలి. ఆటగాళ్లు మీ మూలకు పక్ కోసం వస్తున్నారంటే ఒక అడుగు వెనక్కి వేయండి. ఆ ఫొటో పోతే పోయింది.

గ్లాసు బాధ వద్దనుకుంటే స్టాండ్స్‌లో పైకెక్కి గ్లాసు మీదుగా తీయొచ్చు. గీతలుండవు, వెనకాల తెల్లటి మంచు తప్ప చెత్త కనిపించదు. కానీ పైనుంచి చూస్తే హెల్మెట్లే ఎక్కువ, ముఖాలు తక్కువ. పక్ కూడా ఎగిరొస్తుంది. ఒక అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న గట్టి రబ్బరు బిళ్ల, బరువు 156 నుంచి 170 గ్రాములు. 2002 మార్చిలో కొలంబస్‌లో జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ (పెద్దవాళ్ల వృత్తి లీగ్) మ్యాచ్‌లో స్టాండ్స్‌లోకి ఎగిరొచ్చిన పక్ తగిలి 13 ఏళ్ల అమ్మాయి రెండు రోజుల తర్వాత చనిపోయింది. ఆ తర్వాతి సీజన్ నుంచి లీగ్ అరీనాలన్నింటిలో గోల్స్ వెనక వలలు కట్టారు. మీ ఊరి రింకులో వల ఎక్కడిదాకా ఉందో చూసుకోండి. వ్యూఫైండర్‌లో ఒక కన్ను పెట్టినా రెండో కన్ను తెరిచే ఉంచండి.

ఇప్పుడు అలుక్కుపోవడం గురించి. తప్పు మీ చేతిది కాదు, లెక్కది. పదమూడేళ్ల పిల్లల వేగాన్ని ఆపాలంటే షట్టర్ వేగం కనీసం సెకనులో 1/800 వంతు కావాలి. సాధారణ రింకు వెలుతురులో అందుకు అపర్చర్ ఎఫ్ 2, ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టే సామర్థ్యం) 3200 దగ్గర సరిపోతుంది. మీ 18-135 లెన్సు 135 దగ్గర ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు. ఎఫ్ 2కూ దానికీ మూడు స్టాపుల తేడా, అంటే వెలుతురు మూడుసార్లు సగమవుతుంది. 1/800 నిలబెట్టాలంటే ఐఎస్‌ఓ 25600 కావాలి. మీ కెమెరా మామూలు పరిధి 16000తో ఆగిపోతుంది. 6400 దగ్గర ఆపితే షట్టర్ 1/200కి దిగాల్సిందే. 1/200లో పిల్లలు అలుక్కుపోక ఏమవుతారు? అందుకని మీకు కావలసింది కొత్త కెమెరా కాదు, 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు. పాతది కొన్నా ఫర్వాలేదు. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి అది 136 ఎంఎంలా పనిచేస్తుంది. మూలలోంచి గోల్ ముందున్న పిల్లాణ్ని కెమెరా నిలువుగా పట్టి తీస్తే తలనుంచి స్కేట్ల దాకా చక్కగా పడతాడు. ఎఫ్ 2 దగ్గర ఆ దూరంలో ఫోకస్ లోతు సుమారు మీటరున్నర ఉంటుంది. జెర్సీ మీద ఫోకస్ చేసినా ముఖం కూడా స్పష్టంగానే వస్తుంది. డబ్బు పెట్టగలిగితే 70-200 ఎఫ్ 2.8 ఉంది. దూరం మార్చుకోవచ్చు గానీ ఒక స్టాపు వెలుతురు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. మొదటి సీజన్‌కు 85 చాలు.

మంచు బూడిదరంగులోకి మారడానికి కారణం కెమెరా మీటరు. ఎదురుగా ఏది కనిపించినా అది మధ్యస్తమైన బూడిదరంగు అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేమంతా తెల్లటి మంచు ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. మంచు నల్లబడితే హెల్మెట్ లోపలి ముఖం ఇంకా నల్లబడుతుంది. ఆటోమేటిక్‌లో ఉంటే ఒక స్టాపు నుంచి ఒకటింబావు దాకా పెంచాలి. అంతకన్నా మాన్యువల్ మంచిది. రింకు లైట్లు ఆటంతా మారవు, కాబట్టి వార్మప్‌లో ఒకసారి కుదిర్చి వదిలేయొచ్చు. ఎఫ్ 2, 1/800, 3200 పెట్టి ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (వెలుతురు గ్రాఫ్) చూడండి. అందులో మంచుకు వచ్చే గుట్ట కుడి అంచుకు దగ్గరగా ఉండాలి, అంచును గుద్దుకోకూడదు. ఎడమగా ఉంటే ఐఎస్‌ఓ పెంచండి. తక్కువ ఐఎస్‌ఓలో చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్‌లో పెంచుదామనుకుంటే చుక్కలు ఇంకా ఎక్కువ వస్తాయి. రింకు చుట్టూ ఉండే అడ్డగోడల (బోర్డుల) పక్కన, మూలల్లో మధ్యకన్నా కొంచెం చీకటి ఉంటుంది. మీ ఫొటోలు ఎక్కువ పడేది గోల్ ముందు కాబట్టి అక్కడి వెలుతురుకే కుదర్చండి.

పసుపు, నలుపు మార్పులు లైట్ల మినుకులు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, పాత మెటల్ హాలైడ్ లైట్లు, ట్యూబ్‌లైట్లు సెకనుకు 120 సార్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. కంటికి కనిపించదు. 1/800లో తీస్తే ఒక ఫొటో వెలుగు ఎక్కినప్పుడు పడుతుంది, మరొకటి దిగినప్పుడు. రంగు కూడా దాంతోపాటే మారుతుంది. మీ 80డిలో దీనికి మందు ఉంది: షూటింగ్ మెనూలో యాంటీ-ఫ్లికర్ ఆన్ చేయండి. వెలుగు ఎక్కే క్షణం దాకా షట్టర్‌ను ఆపి వదులుతుంది. వరసగా తీసే వేగం కొంచెం తగ్గుతుంది, ఫర్వాలేదు. ఇది వ్యూఫైండర్‌లోంచి తీసేటప్పుడే పనిచేస్తుంది, స్క్రీన్ చూస్తూ తీస్తే పనిచేయదు. మిర్రర్‌లెస్ కెమెరాలున్న పాఠకులు ఎలక్ట్రానిక్ షట్టర్ జోలికి పోకుండా మెకానికల్ వాడండి. లేకపోతే ఫొటో మీద అడ్డపట్టీలు పడతాయి.

వైట్ బ్యాలన్స్‌కు, అంటే తెలుపు తెల్లగానే పడేలా రంగులు సర్దడానికి, రింకుకన్నా మంచి చోటు దొరకదు. మంచు కింద తెల్లరంగు వేసి ఉంటుంది. జాంబోనీ తిరిగి వెళ్లాక, గీతలూ లోగోలూ లేని మంచు ఫ్రేమ్ నిండా పడేలా ఒక ఫొటో తీసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలన్స్‌కు దాన్నే ఎంచుకోండి. తర్వాత వైట్ బ్యాలన్స్‌ను కస్టమ్‌కు మార్చడం మర్చిపోకండి. చాలామంది ఫొటో ఎంచుకుని అక్కడే ఆగిపోతారు. రా ఫార్మాట్‌లో తీస్తే తర్వాత సర్దుకోవడానికి ఇంకా వీలుంటుంది.

ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేవాళ్ల వెంట ఫోకస్ పోయే పద్ధతిలో) పెట్టండి. మధ్యలోని జోన్ వాడండి. కస్టమ్ ఫంక్షన్లలో ట్రాకింగ్ సెన్సిటివిటీని లాక్డ్ ఆన్ వైపుకు ఒకటో రెండో గీతలు తిప్పండి. అలా చేస్తే రిఫరీ అడ్డొచ్చినా ఫోకస్ అతని మీదికి దూకదు. ఈ వయసు పిల్లల్లో ఎక్కువమందికి ముఖానికి ఇనప జాలీ ఉంటుంది. దాని మీద ఫోకస్ కోసం పాకులాడకుండా ఛాతీ మీది లోగోను పట్టుకోండి. ఒక మోకాలు మీద కూర్చుని, లెన్సు బోర్డు పై అంచుకు కాస్త పైన, అంటే నేలనుంచి మూడున్నర నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉండేలా తీయండి. పిల్లలు పెద్ద ఆటగాళ్లలా కనిపిస్తారు. ఫ్లాష్ మాత్రం వద్దు. గోలీ కళ్లలో పడితే ప్రమాదం. ఫోకస్ కోసం ముందుకు కొట్టే లైటు కూడా మెనూలో ఆపేయండి.

మిషిగన్ చలికాలంలో కారు డిక్కీలో చల్లబడిన కెమెరాను వెచ్చటి లాబీలో తీస్తే లెన్సు మీద నీళ్లు పడతాయి. కారు లోపలే పెట్టుకోండి. ఇంటికొచ్చాక అరగంట సంచి తెరవకండి. అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఉంచుకోండి.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. హాకీ చూడ్డానికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఏది ఆచారమో ఏది మొరటుతనమో తేడా తెలియక కంగారు పడతారు. గోల్ పడ్డప్పుడు గ్లాసు కొట్టడం మామూలే. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే జనం టోపీలు మంచు మీదికి విసురుతారు, దాన్ని తప్పుగా చూడరు. యాన్ ఆర్బర్‌లోని యోస్ట్ అరీనాలో మిషిగన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆటగాళ్లను ఆటపట్టించడానికే వస్తారు. కాలేజీ ఆటల్లో గోల్ ఇచ్చిన గోలీని చూపించి ‘సీవ్, సీవ్’ అని, అంటే జల్లెడ అని, అరుస్తారు. మీ పక్కనున్న డెట్రాయిట్‌లోనైతే 1952 ఏప్రిల్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఆక్టోపస్‌ను మంచు మీదికి విసిరారు. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలవడానికి ఎనిమిది విజయాలు కావాలి, ఆక్టోపస్‌కు ఎనిమిది కాళ్లు. డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ ఆ ఏడు ఎనిమిదికి ఎనిమిదీ గెలవడంతో అది ఆచారమై కూర్చుంది. ఇవన్నీ డబ్బు తీసుకునో స్కాలర్‌షిప్ మీదో ఆడే పెద్దవాళ్ల ఆటలో చెల్లుతాయి. పదమూడేళ్ల గోలీని జల్లెడ అనడం ఎక్కడా చెల్లదు. పిల్లల ఆటలకు విజిల్ వేసేవాళ్లలో కూడా చాలామంది హైస్కూలు పిల్లలే. వాళ్ల మీద అరవడం మరీ దారుణం.

యూఎస్ఏ హాకీ జీరో టాలరెన్స్ విధానంలో ఇది రాసి ఉంది. ప్రేక్షకులు బూతులు తిట్టినా, ఆటగాళ్లనో రిఫరీలనో రెచ్చగొట్టి ఎగతాళి చేసినా, కొడతామని బెదిరించినా, ఏదైనా విసిరినా రిఫరీ ఆట ఆపొచ్చు. అలా చేసినవాళ్లను కోచ్‌లకు చూపించి, ఆట చూసే చోటునుంచి బయటికి పంపిస్తారు. పోయిన సమయాన్ని తిరిగి ఇవ్వరు. గంట మోగించడం, గ్లాసు గుద్దడం ఈ జాబితాలో లేవు. వాటిమీద రింకు యాజమాన్యానికి సొంత నిబంధనలు ఉండొచ్చు, తలుపు దగ్గర అంటించిన బోర్డు చదవండి. అక్కడా లేకపోతే అది ఫిర్యాదు చేసే విషయం కాదు, మర్యాదగా అడిగే విషయం.

గ్లాసు గుద్దే ఆయన్ను ఆట మధ్యలో అడగకండి, విరామంలో అడగండి. ‘‘గుద్దొద్దు’’ అని మొదలుపెట్టకుండా ‘‘మీ అబ్బాయి నంబరు ఎంత?’’ అని మొదలుపెట్టండి. ఆ నంబరు పిల్లాడివి రెండు మంచి ఫొటోలు తీసి ఆ రాత్రే మేనేజర్ ద్వారా పంపండి. తర్వాతి ఆటలో గ్లాసు కదిలితే ఫొటో చెడిపోతుందని చెబితే, మీ పక్కన గుద్దేవాళ్లను ఆయనే ఆపుతాడు. అందరి దగ్గరా పారదు గానీ చాలామంది దగ్గర పారుతుంది. గంటావిడకు మూల దూరమే మందు, దానికి తోడు చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు. ఎవరైనా కావాలని లెన్సుకు చెయ్యి అడ్డం పెడితే మాటకు మాట అనకుండా రింకు ముందరి కౌంటర్‌లో చెప్పండి. రింకు వాళ్లది, మాట వాళ్లదే చెల్లుతుంది.

ఇంకో మాట, మీకని కాదు, మనవాళ్లందరికీ. గ్లాసు దగ్గర నిలబడి తెలుగులో ‘‘ఒరేయ్ కొట్టరా, అటు పోరా’’ అని అరిస్తే ఎవరికీ అర్థం కాదనుకుంటాం. పిల్లాడికి అర్థమవుతుంది. కోచ్ ఒకటి చెబుతుంటే తండ్రి ఇంకొకటి చెబితే వాడు మధ్యలో నిలబడిపోతాడు.

నిలదీసిన తల్లి విషయంలో ఆవిడ వైపు సగం న్యాయముంది. పెద్ద లెన్సు పట్టుకుని తెలియని మనిషి తమ పిల్లల్ని గురిపెడుతుంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ప్రతి ఆటకూ ముందే మీ జట్టు మేనేజర్‌తో అవతలి మేనేజర్‌కు ఒక ఈమెయిల్ పెట్టించండి: ఫలానా జట్టు తండ్రి మూలలో ఫొటోలు తీస్తారు, ఏ పిల్లాడి ఫొటో అయినా వద్దనుకుంటే చెప్పండి అని. మీ క్లబ్ జాకెట్ వేసుకోండి. టోర్నమెంట్లలో ఫొటోల హక్కు ముందే వేరేవాళ్లకు ఇచ్చివుండొచ్చు, అక్కడ తప్పకుండా అడగాలి. వద్దన్నవాళ్ల పిల్లల ఫొటోలు వాళ్ల ఎదురుగానే తీసేయండి, వాదించకండి. ఆల్బమ్‌ను లింకు ఉన్నవాళ్లకు మాత్రమే తెరవండి. నంబరు, పేరు రెండూ కలిపి రాయకండి. దెబ్బ తగిలి పడిపోయిన పిల్లాడు, ఏడుస్తున్న గోలీ, కొట్లాట, ఇవి ఎంత బాగా వచ్చినా బయట పెట్టకండి. లాకర్ రూమ్‌లో (పిల్లలు బట్టలు మార్చుకునే గదిలో) కెమెరా గానీ ఫోను గానీ బయటికి తీయకూడదు, ఇది యూఎస్ఏ హాకీ కచ్చితంగా నిషేధించిన పని. బెంచి మీదికి కూడా జట్టు జాబితాలో ఉన్నవాళ్లు తప్ప వెళ్లకూడదు.

‘‘మీ దేశానికి పో’’ అన్న మాట మాత్రం వేరు. దాన్ని గంటతో, గ్లాసుతో కలిపి చూడొద్దు. అలాంటిది వినిపిస్తే కెమెరా దించి, ముందు స్కోర్‌బోర్డు చూడండి. ఏ పీరియడ్, గడియారంలో ఎంత సమయం మిగిలింది, అరిచినవాడు ఏ వరసలో ఉన్నాడు, ఏ రంగు జాకెట్, అన్న మాట అక్షరాలా ఏమిటి, ఫోనులో రాసుకోండి. తిరిగి అరవకండి. మీ జట్టు మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పండి, విజిల్ పడగానే కోచ్ ద్వారా రిఫరీకి చేరుతుంది. రిఫరీ ఆట ఆపి వాణ్ని బయటికి పంపించడానికి ఇదే దారి. ఆ మాట అవతలి ఆటగాడో కోచో అంటే అది మ్యాచ్ పెనాల్టీ, వాణ్ని ఆట నుంచి పంపేస్తారు. కోచ్‌తో గొడవపడే ముందు 24 గంటలు ఆగాలని చాలా క్లబ్బుల్లో ఒక నియమం ఉంటుంది. అది పిల్లాణ్ని ఎక్కువసేపు ఆడించలేదన్న లాంటి కోపాలకు. దూషణకు ఆగక్కర్లేదు.

వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం మేం వద్దంటాం. ఆ స్టాండ్స్‌లో వాడి పక్కన పిల్లలుంటారు, వాళ్ల ముఖాలు కూడా బయటికొస్తాయి. మర్నాడు క్లబ్బులో చర్చ వాడి మాట గురించి కాకుండా మీ వీడియో గురించి జరుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చివరికి మీ కెమెరా మీదే నిషేధం పడొచ్చు. అప్పుడే లెన్సు తిప్పి గురిపెడితే ఆ మనిషి ఇంకా రెచ్చిపోతాడు కూడా. మీరు ఆట తీస్తుండగా ఫొటోల్లోనో వీడియోలోనో వాడు పడివుంటే ఆ ఫైలును కత్తిరించకుండా అలాగే దాచండి, విచారించేవాళ్లకు మాత్రమే ఇవ్వండి. కెమెరాలో తేదీ, గంట సరిగా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. చాలా రింకుల్లో లైవ్‌బార్న్ వంటి కెమెరాలు ఆటను రికార్డు చేస్తుంటాయి. అవి చూపేది మంచు వైపే, అయినా ఆట ఎప్పుడు ఆగింది, రిఫరీ ఎటు చూశాడు అన్నది తేల్చడానికి పనికొస్తాయి. ఆ రికార్డింగులు కొన్నాళ్లకు చెరిగిపోతాయి కాబట్టి క్లబ్బును వెంటనే అడగమనండి.

జరిగిపోయిన ఆట గురించి కూడా ఇప్పుడే రాయండి. మీ క్లబ్ అధ్యక్షుడికీ, మిషిగన్ అమెచ్యూర్ హాకీ అసోసియేషన్‌లో సేఫ్‌స్పోర్ట్ (ఆటగాళ్ల భద్రత) బాధ్యత చూసేవాళ్లకూ ఒకే ఈమెయిల్. తేదీ, రింకు, రెండు జట్ల పేర్లు, పీరియడ్, అన్న మాట, విన్న ఇంకో ఇద్దరి పేర్లు వాళ్లనడిగి చేర్చండి. పది వాక్యాలు దాటనివ్వకండి. విశేషణాలు, మీ బాధ, ఈ దేశం ఎటుపోతోందన్న చర్చ, ఏవీ వద్దు. అవతలి క్లబ్ అధికారికి కాపీ పెట్టాలా వద్దా అన్నది మీ క్లబ్‌నే తేల్చుకోమనండి. అబ్బాయిని ఈ ఈమెయిల్ పంపేముందు ఒకసారి అడగండి: వాడికి ఆ మాట వినిపించిందా, ముందు కూడా ఎవరైనా అన్నారా అని. జట్టు లోపలివాళ్లే అంటూ ఉంటే అది స్టాండ్స్ సమస్య కాదు, రాయాల్సిన ఉత్తరం కూడా వేరు. అప్పుడు మొదట వెళ్లాల్సింది కోచ్ దగ్గరికి.